చిరగని నోటీసు

టైలరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయింది. టైపిస్టు కుర్చీ జరిపినా కూర్చోకుండా, నిలబడే గోడు వెళ్లబోసుకుంది.

"రేపు పొద్దున బ్యాంకు వాళ్లొచ్చి మా ఇంటికి తాళం వేస్తారట మేడమ్! ఓనరుగారు ఇల్లు తాకట్టు పెట్టి అప్పు కట్టలేదట. మా తలుపుకి మూడుసార్లు నోటీసు అంటించామంటున్నారు. ఒక్కటంటే ఒక్కటి నా కంటబడితే ఒట్టు!"

చిక్కు కేసులు తేల్చే ఈ మేడమ్‌ను ఆ పేటలో అందరూ భూతద్దం మేడమ్ అంటారు. నిజానికి ఆవిడ దగ్గర భూతద్దం ఏనాడూ లేదు. ప్లీడరు గుమాస్తాగా సగం జీవితం గడిపి ఆవిడ దగ్గర చేరిన టైపిస్టుకు మాత్రం, ఆవిడ చూపు పడితే గోడలు కూడా నిజం చెబుతాయని గట్టి నమ్మకం.

"అద్దె ఒప్పందం అప్పుకు ముందు రాసుకున్నదేనా?" అంది మేడమ్.

"చాలా ముందు. అప్పటికి పిన్ని, అదే ఓనరుగారి భార్య, బతికే ఉంది. ఒప్పందం గడువు ఇంకా రెండేళ్లుంది."

"అయితే ఆ రెండేళ్లూ నిన్నెవరూ కదిలించకూడదు. కాకపోతే నోటీసు చూసి, గడువులోగా ఆ మాట చెప్పుకోవాలి."

"చూస్తేగా చెప్పుకునేది! గడువు నిన్నటితో సరి అన్నారు. ముందుగదిలోనే నా మిషను. ఆ గుమ్మం పోతే నేనూ నా పిల్లా రోడ్డున పడతాం."

"ఎవరి మీదైనా అనుమానమా?"

"ఇంకెవరు, ఆ బ్రోకరు! ఇల్లు ఖాళీ చెయ్యమని జలగలా పట్టుకున్నాడు."

"మరి ఓనరు?"

"ఛ ఛ, బాబాయా? దేవుడులాంటి మనిషి మేడమ్. పుస్తకాలకు బైండింగు చేసేవారు. నా డిజైన్ల పుస్తకం పాడైపోతే తడిగుడ్డ వేసి, పై అట్ట కొసైనా చిరగకుండా ఊడదీసి, కొత్తదానిలా చేసిచ్చారు. ఈమధ్య మోకాళ్ల నొప్పులతోనే తెల్లారకముందు మెట్లు దిగొచ్చి నా వాకిలి ఊడుస్తున్నారు. వద్దన్నా వినరు."

మేడమ్ ఆ మాట వినగానే చెప్పులు వేసుకుంది.

వీధి దుమ్ముకు టైలరమ్మ తలుపు నీలం రంగే మరిచిపోయింది. నడుమ కాగితమంత మేర మాత్రం నీలం శుభ్రంగా ఉంది. గోటి గీత గానీ, కాగితం పొర గానీ లేవు. మేడమ్ నోటీసులు అంటించే బంట్రోతుకు ఫోను చేయించింది.

"నేను అంటించానంటే అంటించినట్టే మేడమ్," అన్నాడతను పౌరుషంగా. "పీకితే సగం కాగితం తలుపుకే ఉండిపోద్ది. కావాలంటే ఫొటోలున్నాయి."

"బ్రోకరే," అని టైపిస్టు గొణిగాడు. మేడమ్ నవ్వలేదు. కేసు తేలిందంటే ఆవిడ ముఖంలో చిన్న వెలుగు కనిపించేది. ఈసారి అదీ లేకపోవడం చూసి టైపిస్టుకు ఎందుకో భయం వేసింది.

మర్నాడు టైలరమ్మ ముందుగదిలో అందరూ చేరారు. తాళంతో బ్యాంకు ఆఫీసరు, ఫొటోలతో బంట్రోతు, గుమ్మం దగ్గర బ్రోకరు. గోడ వారగా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఓనరు పెద్దాయన.

"నోటీసులు అంటించిన మాట నిజం," అని మొదలుపెట్టింది మేడమ్. "తలుపు మీద ఆ మేర దుమ్ము తుడుచుకుపోయింది. అవి మాయమైనదీ నిజమే. బ్రోకరుగారు తీశారా? ఆయనకు ఇల్లు ఖాళీ కావాలి. నోటీసు చూసి ఈమె బెదిరిపోతే ఆయనకే లాభం. వీలైతే ఇంకో పది అంటిస్తారు గానీ తీయరు."

"అదీ మాట!" అన్నాడు బ్రోకరు. ఎవరూ అతని వైపు చూడలేదు.

"దొంగైతే పీకేవాడు, కాగితం చిరిగేది. ఇక్కడ తడిగుడ్డ వేసి, నానేదాకా ఆగి, ఓపిగ్గా ఊడదీశారు. అది కాగితంతో బతికిన చెయ్యి. వాకిలి ఊడ్చే నెపంతో ఈమె లేవకముందే ఆ పని అయిపోయేది." మేడమ్ గొంతు తగ్గించింది. "ఆఫీసరుగారు నా ఊహను ఒప్పుకోరు. తీసినవాళ్లే చెప్పాలి. చెబితే ఈమె నోటీసు చూడలేదని రుజువవుతుంది. చెప్పకపోతే ఇప్పుడే తాళం పడుతుంది."

పెద్దాయన గోడ పట్టుకుని లేచి, ఒక్కొక్క మెట్టూ ఎక్కి పైకి వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో రెండు అట్టల మధ్య మూడు నోటీసులున్నాయి, మడత కూడా పడకుండా.

"చింపేద్దామనుకున్నానమ్మా. చేతులు రాలేదు," అన్నాడు. "మీ పిన్ని వైద్యానికి ఇల్లు తాకట్టు పెట్టాను. కింద ఎవరూ లేరని బ్యాంకుకు అబద్ధం చెప్పాను. మనిషీ దక్కలేదు, ఇల్లూ దక్కలేదు. నీకు తెలిస్తే వెళ్లిపోతావని... సాయంత్రమైతే నీ మిషను చప్పుడు పైకి వినబడుతుంది. మీ పిన్ని పోయాక ఈ ఇంట్లో నాకున్న సందడి అదొక్కటే."

"నాకొక్క మాట చెప్పి ఉంటే నా హక్కు నేను అడుక్కునేదాన్ని కదా బాబాయ్!" అంది టైలరమ్మ. "వెళ్లిపోతానని ఎలా అనుకున్నారు? తాళం పడేదాకా తెచ్చారే నన్ను!"

ఆఫీసరు పెద్దాయన మాటలు రాసుకుని, సంతకం తీసుకుని, టైలరమ్మ వైపు ఇబ్బందిగా తిరిగాడు.

"ఒప్పందం తీరేదాకా మీరు ఉండొచ్చమ్మా, అద్దె ఇకమీదట బ్యాంకుకు కట్టండి. పై అంతస్తు మాత్రం ఇవాళే ఖాళీ చెయ్యాలి. అప్పు తీసుకున్నవారికి ఉండే వీలు లేదు."

సాయంత్రం మేనల్లుడు వచ్చి పెద్దాయన సంచి అందుకున్నాడు. పై వాటాకు తాళం పడింది. ఆయన కింది గుమ్మం ముందు ఆగాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలవకుండానే నడక సాగించాడు.

సందు మలుపు చేరాడో లేదో, లోపల మిషను మొదలైంది. పెద్దాయన ఆగిపోయాడు. వెనక్కి తిరక్కుండా, తల కాస్త వంచి, చాలాసేపు విన్నాడు. తర్వాత మేనల్లుడి భుజం మీద చెయ్యి వేసి మలుపు తిరిగిపోయాడు. వాకిట్లో నిలబడి చూస్తున్న టైపిస్టు కళ్లు తుడుచుకున్నాడు.

ఆఫీసరుకు చూపించడానికి తీసుకున్న ఒప్పందం కాగితం తిరిగి ఇవ్వాలి కాబట్టి అతను మెల్లగా తలుపు తోశాడు. టైలరమ్మ తొక్కుతూనే ఉంది. సూది కింద గుడ్డ లేదు, దారం కూడా ఎక్కించలేదు.

"మలుపు దాటారా?" అని అడిగింది తల తిప్పకుండా.

"దాటారమ్మా."

అయినా ఆమె కాళ్లు ఆగలేదు.