నీళ్లకు జడిసిన బిడ్డ

అక్కమ్మకు పొద్దున కాఫీ ఆలస్యమైనా ఫరవాలేదు గానీ బైబిలు వాక్యం ఆలస్యం కాకూడదు. వడమాలపేటలోని ఆ రెండు గదుల ఇంట్లో ఎన్నో ఏళ్లుగా అదే పద్ధతి. మొగుడు కుప్పయ్య బతికున్నన్నాళ్లు ఆయన చదివేవాడు, ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని వినేది. ఆయన పోయాక ఆ పని కొడుకు ఇమ్మానుయేల్ మీద పడింది. రేణిగుంటలో గోడౌను పనికి బస్సెక్కే ముందు అతను ఒక అధ్యాయం చదివి, గబగబా ప్రార్థన ముగించి, క్యారియరు పట్టుకుని పరిగెత్తేవాడు. అక్కమ్మకు అక్షరం ముక్క రాదు. కోడలు స్టెల్లా పలకా బలపం ఇచ్చి నేర్పబోతే, చదివి పెట్టే నోరు ఇంట్లో ఉండగా తనకెందుకీ తిప్పలని లేచి వెళ్లిపోయింది.

ఆ రోజు పొద్దున ఆమె గోడకు ఆనుకోలేదు. గది మధ్యలో నిటారుగా కూర్చుని కొడుకు కోసం ఎదురు చూస్తోంది. రాత్రి అన్నం ముట్టలేదు. ఎందుకో చెప్పాలంటే గ్రేసీ దగ్గర మొదలుపెట్టాలి.

గ్రేసీ అక్కమ్మ కూతురు, ఆ ఇంటి చిన్నబిడ్డ. పుత్తూరులో డిగ్రీ చదివేది. ఇల్లంతా దాని నవ్వే. దేనికీ భయపడని ఆ పిల్లకు నీళ్లంటే మాత్రం ప్రాణం పోయేది. వాళ్ల చర్చి సంఘంలో బాప్తిస్మం అంటే పొలాల్లోని దిగుడుబావిలో నిలువునా ముంచి లేపడం. ప్రతి ఏడూ పేర్లు రాసుకునేటప్పుడు, వచ్చే ఏడు తీసుకుంటాలే అని అది తప్పించుకునేది, ఇంటిల్లిపాదీ ఆటపట్టించేవాళ్లు. ఈ వానల్లో దానికి విషజ్వరం వచ్చింది. సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించింది. వారం తిరగకుండానే బిడ్డను మట్టిలో పెట్టి వచ్చారు.

సమాధి దగ్గర ఎవరో, బాప్తిస్మం లేకుండా పోయిందే పాపం అని నిట్టూర్చారు. అన్నవాళ్లు ఇంటికెళ్లి మరిచిపోయే ఉంటారు, నోటికేం పోయింది? అక్కమ్మకు మాత్రం ఆ మాట గుండెలో ముల్లయి దిగింది. తన బిడ్డను పరలోకం లోపలికి రానిచ్చారా, వాకిట్లోనే నిలబెట్టారా అన్నదొక్కటే ఆమె దిగులు. యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగకు మాత్రం బాప్తిస్మం ఉందా, అయినా పరలోకం దక్కలేదా అని పాస్టరు నచ్చచెప్పబోయాడు. ఆ దొంగ నోరు తెరిచి అడుక్కున్నాడు, నా బిడ్డకు ఆఖర్న ఒంటిమీద తెలివే లేదు కదయ్యా అందామె.

ఇక ప్రతి పొద్దునా కొడుకును అదే అడిగేది, అట్లాంటి పిల్లల సంగతి బైబిల్లో ఎక్కడైనా ఉందా అని. ఒక రోజు ఇమ్మానుయేల్ పుస్తకంలోకి చూస్తూ చదివాడు: "నీళ్లకు జడిసిన బిడ్డను నేను చంకనెత్తుకొని దాటించెదను." అక్కమ్మ దాన్ని మళ్లీ మళ్లీ చదివించుకుంది. ఆ పూట కడుపునిండా అన్నం తింది. సమాధుల పండుగ దగ్గర పడుతోంది కనుక గ్రేసీ రాయి మీద ఆ వాక్యమే చెక్కించాలనుకుంది. రాయి చెక్కే అతను అధ్యాయం నంబరు అడిగాడు. కొడుకేమో రేపు, ఎల్లుండి అని దాటవేశాడు. చివరికి ముందురోజు ఆమే ఆ నంబరు కోసం పాస్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

ఇమ్మానుయేల్ తల దువ్వుకుంటూ వచ్చి పుస్తకం తీసుకున్నాడు.

"ఆ వాక్యం తీయి నాయనా" అంది అక్కమ్మ.

"బస్సుకు టైమయిపాయె మా. రేపు చూస్తాలే."

"పాస్టరమ్మ యాడా లేదనింది. ఆమెకు కనపడలేదేమో. నువ్వు తీసి సూపీ."

అతను నాలుగు పేజీలు తిప్పాడు. వంటింట్లో స్టెల్లా గరిటె ఆగిపోయింది. అతను పుస్తకం మూసేశాడు.

"దాంట్లో లేదు మా. నేనే అల్లి చెప్పినా."

తర్వాత అంతా బయటపెట్టాడు. ఆమె తిండి మానేసి శుష్కించిపోతుంటే చూడలేక పుస్తకమంతా గాలించానని, కావలసిన మాట దొరక్కపోయేసరికి నోటికి వచ్చింది చదివేశానని చెప్పాడు. చెల్లెలు పోయిన రోజు నుంచి తనకు దేవుడి మీద నమ్మకం పోయిందని, తల్లి కోసమే కూర్చుని చదువుతున్నానని కూడా అనేశాడు.

అక్కమ్మ కేకలు వేయలేదు.

"నాకు అచ్చరం రాదు. మీ నాయన నోరే నాకు బైబిలు. ఆయన పోయినాక నీ నోరు. ఇప్పుడు నువ్వొకటి అల్లినావంటే, ఆయన ఎన్ని అల్లినాడో నాకెట్లా తెలుస్తాది? ఇన్నేండ్లు నేను దేన్ని పట్టుకొని బతికినట్టు?"

ఇమ్మానుయేల్ క్యారియరు అందుకోలేదు. బస్సు వెళ్లిపోయింది.

ఆ మరునాటి నుంచి ఇంట్లో వాక్యం లేదు, ప్రార్థన లేదు. ఆదివారం మోకాళ్ల నొప్పులని అక్కమ్మ చర్చికీ వెళ్లలేదు. మంచం మీద పడుకుని, మొగుడి నోట విన్నవన్నీ ఒక్కొక్కటే తలుచుకుని, ఇది నిజమా, ఇదీ కల్పించాడా అని అనుమానపడేది. బిడ్డ పోయినప్పుడు ఏడవడానికి ఒక చోటుండేది, ఇప్పుడు అదీ లేకుండా పోయింది. ఇమ్మానుయేల్ తల్లికి ఎదురుపడడానికే జంకేవాడు.

చూసి చూసి స్టెల్లాయే పుస్తకం తీసుకొచ్చి మంచం పక్కన కూర్చుంది. మామ చదివినవి గుర్తున్నంతవరకు చెప్పమంది, ఉన్నాయో లేవో తాను వెతుకుతానంది. మొదట అక్కమ్మ అటు తిరిగి పడుకుంది. కాసేపటికి ఒకటి చెప్పింది. స్టెల్లా తడుముకుంటూ వెతికి, వేలు పెట్టి చదివింది. ఇంకోటి చెప్పింది. అదీ ఉంది. మధ్యాహ్నం దాకా అదే పని. మాటలు అక్కడక్కడ అటూ ఇటూ అయినా అన్నీ ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. అది మామ ప్రార్థనలో సొంతంగా అన్న మాటేమో అంది స్టెల్లా.

"మిగతావన్నీ ఉండాయా?"

"ఉండాయత్తా. మామ నిన్ను మోసం చేయలేదు."

అక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చచ్చిపోయిన మనిషిని ఇన్ని రోజులు అనుమానించానే అని ఏడ్చింది.

మరునాడు పొద్దున ఆమె స్నానం చేసి, గోడకు ఆనుకుని కూర్చుని కొడుకును పిలిచింది. అతను దూరంగా కూర్చున్నాడు.

"నువ్వు చేసింది తప్పే. దేవుడి మాటని చెప్పి నీ మాట చెప్పకూడదు" అంది. "కానీ నాయనా, ఒకటి ఆలోచన చేసినా. నా ఏడుపు సూసి నీకే కడుపు తరుక్కుపోయింది కదా. దాన్ని పుట్టించినోడు నీకంటే రాతిగుండెవాడా? నీళ్లకు భయపడిందని ఆడపిల్లను వాకిట్లో నిలబెడతాడా? రాసి లేకపోయినా నిలబెట్టడు. ఇన్నేండ్లు విన్నాను, ఆయన గుణం నాకు తెలుసు."

రాయి మీద గ్రేసీ పేరొక్కటే చాలంది. మిగతాది తాను దేవుణ్ణే అడుగుతానంది. దిగులేమీ తీరిపోలేదు, దాన్ని మోసే బలం మాత్రం కొంచెం వచ్చింది.

తర్వాత పుస్తకం కొడుకు వైపు జరిపింది. అతను ముట్టుకోలేదు.

"నాకు నమ్మకం లేదు మా. నేను చదివితే నీకేం లాభం?"

"ఉండేది ఉండినట్టు చదువు. లేనికాడ లేదని చెప్పు. నమ్మే పని నేను సూసుకుంటా."

ఇమ్మానుయేల్ పుస్తకం తెరిచాడు. రెండు వాక్యాలు చదివాడో లేదో ఆపేశాడు. పెట్టె చేయించడం, గుంత తవ్వించడం, వచ్చినవాళ్లకు భోజనాలు చూడడం, వీటన్నిటి మధ్య చెల్లెలి కోసం అతను ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. ఇప్పుడు తల్లి ఒళ్లో తల పెట్టి, గ్రేసీ, గ్రేసీ అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్కమ్మ కూడా ఏడుస్తూ అతని తల నిమిరింది. స్టెల్లా స్టవ్వు ఆర్పేసి వచ్చి వాళ్ల పక్కన కూర్చుంది.

చాలాసేపటికి అక్కమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఇంకా అయిపోలేదు గదా నాయనా, చదువు" అంది.

అతను లేచి కూర్చుని, ఎక్కడ ఆపాడో వెతుక్కున్నాడు.