గృహపాల ఎరుగని ఇల్లాలు

ఆ రోజుల్లో కాకినాడలో తాళంకప్పలు అమ్మే దుకాణం ఒక్కటీ మిగల్లేదు. వీధి తలుపు, వంటింటి పొయ్యి, కుళాయి, దీపాలు అన్నీ ఇంటి రౌటర్ చెప్పినట్లు వినేవి. అందుచేత దొంగలు కూడా గోడలు దూకడం మానేశారు. ఇంటి వై-ఫైలోకి దారి దొరికితే చాలు, ఎక్కడో కూర్చుని ఇల్లంతటినీ గుప్పిట్లో పెట్టుకునేవారు.

కోదండపాణిగారి ఇంట్లోకి ఆ దారి వెతుక్కోవలసిన శ్రమ కూడా వాళ్ళకు కలగలేదు. ఆయన మనుషులంటే ప్రాణం పెట్టేవారు. గుమ్మంలోకి ఎవరు వచ్చినా భార్య తాయారు మంచినీళ్ళు ఇచ్చేది, ఆయన పాస్‌వర్డ్ ఇచ్చేవారు. కొరియర్ తెచ్చిన కుర్రాడికీ, గోడలకు రంగు వేసినవాళ్ళకూ, మేడమీద అద్దెకున్నవాళ్ళ చుట్టాలకూ కూడా. "అడిగినవాళ్ళకు లేదనడం ఏం మర్యాద?" అనేవారు. రౌటర్ కొన్ననాటి పాస్‌వర్డే అది. ఒక్కనాడూ మార్చలేదు.

ఆయన గుండె ఆగి పోయిన మూడోనాటి మధ్యాహ్నం, బంధువులంతా విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా, హాల్లోని స్పీకర్‌లోంచి ఆయన గొంతు వినిపించింది.

"తాయారూ, పెరటి తలుపు తియ్యి. బయట నిలబడి ఉన్నాను."

నోటిదాకా వెళ్ళిన ముద్దలు అక్కడే ఆగిపోయాయి. ఆయన అక్క అలివేలు గోడ పట్టుకుని లేచి పెరటి తలుపు వైపు తిరిగింది. పాత ఫోన్ కాల్స్‌లోంచి చనిపోయిన మనిషి గొంతును దొంగిలించి, దానికి కొత్త మాటలు తొడగడం ఆనాటి హ్యాకర్లకు చిటికెలో పని. వీధి వైపంతా జనం, ఎవరి కంటా పడకుండా రావాలంటే పెరడే దారి. కాని ఆ ఇంట్లో చేతిగడియ ఉన్నది పెరటి తలుపుకొక్కదానికే. దాన్ని లోపలి మనిషే తీయాలి.

మూల చాప మీద కూర్చున్న తాయారు తల కూడా ఎత్తలేదు.

"అది ఆయన కాదు," అంది. "కాపురమంతా నన్ను 'ఇదిగో' అన్నారే గాని, పేరుపెట్టి పిలిచి ఎరుగరు."

మరిది చలపతి పెరట్లోకి పరుగెత్తేసరికి, సందులో ఆగి ఉన్న వ్యాన్ ఒకటి కదిలి వెళ్ళిపోయింది.

మరునాడు అతడు డాక్టర్ ఇందీవరను వెంటబెట్టుకుని వచ్చాడు. రేడియో తరంగాల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఆమె పాత రౌటర్‌ను చూసి నిట్టూర్చింది.

"పాస్‌వర్డ్ మార్చి, సాఫ్ట్‌వేర్ కొత్తది వేసుకుని, వచ్చిపోయేవాళ్ళకు వేరే నెట్‌వర్క్ పెట్టుకుంటే చాలా మటుకు సరిపోతుందండీ."

"పాస్‌వర్డ్ అంటూ ఒకటుంటే మా వాళ్ళు చెప్పకుండా ఉండలేరమ్మా," అన్నాడు చలపతి. "నోరు ఆగకపోవడం మా ఇంటి రక్తంలోనే ఉంది. మీరు ప్రయోగం చేస్తున్నదేదో ఉందన్నారే, అది పెట్టండి."

ఆ ప్రయోగం పేరు గృహపాల. అరచేతిలో ఇమిడే తెల్లటి పెట్టె, దాని ముఖాన చిన్న తెర. ఇందీవర దాన్ని గోడకు బిగిస్తూ అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. వై-ఫై తరంగాలు ఇంట్లో అన్నిటినీ తాకి వెనక్కి వస్తాయి. మనిషి నడిస్తే ఆ తరంగాలు చెదురుతాయి. ఏ ఇద్దరి నడకకూ అవి ఒక్కలా చెదరవు. అందుచేత గృహపాలకు పాస్‌వర్డ్ అక్కర్లేదు. తనకు తెలిసిన నడక అయితేనే ఇల్లు మాట వింటుంది.

"నేను కుంటుకుంటూ నడుస్తాను. నన్ను ఎరుగుతుందా?" అంది అలివేలు.

"మిమ్మల్ని అందరికంటే ముందు ఎరుగుతుందండీ. కొన్నాళ్ళు ఇంట్లోవాళ్ళంతా మామూలుగా తిరుగుతూ ఉండాలి. అదే నేర్చుకుంటుంది."

"పెద్దకర్మ దాకా అందరం ఇక్కడే కదా," అన్నాడు చలపతి. "ఇంతకంటే మంచి సమయం దొరకదు."

తాయారును ఎవరూ ఏమీ అడగలేదు. భర్త పోయిన ఆడది పెద్దకర్మ దాకా మూల వదిలి తిరగకూడదని ఆ వంశంలో నియమం. నగరం ఎంత మారినా ఆ చాప మాత్రం మారలేదు. అన్నం ఆమె దగ్గరికే వచ్చేది. వేకువన స్నానానికి అలివేలు భుజం పట్టుకుని నడిపించి, మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టేది. తన వంటింట్లో ఎవరెవరో డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు తాయారుకు వినిపించేది. ఈ జనమంతా వెళ్ళాక లేచి, తన పొయ్యి తాను వెలిగించుకుని, ఆయనతో బతికిన గదుల్లోనే మిగతా బతుకు గడుపుకోవాలన్నది ఒక్కటే ఆమె కోరిక. ఆ కోరిక పట్టుకునే ఆ రోజులన్నీ ఈదింది.

కర్మలు ముగిశాయి. బంధువులు ఊళ్ళకు వెళ్ళిపోయారు. గృహపాల నేర్చుకోవడం చాలించి కాపలాకు దిగింది. మర్నాటి ఉదయం తాయారు చాప చుట్టి, కాఫీ పెట్టుకుందామని వంటింటి వైపు నడిచింది.

ఆమె నాలుగు అడుగులు వేసిందో లేదో వీధి తలుపూ కిటికీ తలుపులూ ధడధడా పడ్డాయి. దీపాలు ఆరాయి. తడుముకుంటూ వంటింట్లోకి వెళ్ళి తిప్పినా పొయ్యి వెలగలేదు. కుళాయి తిప్పితే బొట్టు రాలేదు.

"అపరిచిత వ్యక్తి," అంది గృహపాల, ఎంతో మర్యాదగా. "దయచేసి కదలకండి. ఇంటివారికి కబురు పంపుతున్నాను."

ఆ మాట ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక, వంటింటి గడప మీదే కూర్చుండిపోయింది. ఆమె కదలిక ఆగేసరికి దీపాలు మళ్ళీ వెలిగాయి.

ఆ ఊళ్ళోనే ఉన్న చలపతీ, అతని ఇంట్లో ఆగిన అలివేలూ కబురందుకుని వచ్చారు. వాళ్ళ నడక ఆనవాలు పట్టగానే వీధి తలుపు దానంతటదే తెరుచుకుంది. వెనకనే ఇందీవర వచ్చి, తెర మీద ఏదో చూసుకుని, తాయారు పక్కనే నేల మీద కూర్చుంది.

"కదలని వస్తువులను ఇది లెక్కలోంచి తీసేస్తుందండీ. బీరువా, గోడ, మంచం... మీరు ఆ రోజులన్నీ..."

"కదలకూడదన్నారమ్మా."

"స్నానానికి నడిచేది కదా," అంది అలివేలు.

"మీ భుజం పట్టుకుని నడిచారు. ఆ నడకను మీ నడకగానే రాసుకుంది." ఇందీవర తల దించుకుంది. "నేను చూసుకోవలసింది. కొత్త మనిషిని చేర్చుకోవాలంటే ఇంటి సభ్యులు ఇద్దరు ఈ తెర మీద చెయ్యి ఆనించాలి. దొంగలు తమను తాము చేర్చుకోకుండా అలా పెట్టాం."

అలివేలు కుంటుకుంటూ వెళ్ళి చెయ్యి ఆనించింది. చలపతి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నా మాట వినండి వదినా. ఒక్కరూ ఇక్కడ ఏం చేస్తారు? సంవత్సరీకాలు అయ్యేదాకా మా ఇంట్లో ఉండండి. ఈ ఇల్లు మూసి ఉంచుదాం. ఆ తర్వాత చూద్దాం."

"మీ ఇంట్లో నాకు ఏం లోటు చలపతీ? కాని నా ఇంట్లో ఉండాలని ఉంది."

"మీ మంచికే చెబుతున్నాను."

"తెలుసు. ఆ పెట్టె కూడా నా మంచికే పెట్టారు."

చలపతి చెయ్యి చాపలేదు. తాయారు అతని వైపు చూడడం మాని ఇందీవర వైపు తిరిగింది.

"ఇది తీసెయ్యాలంటే ఎన్ని చేతులు కావాలమ్మా?"

"ఒక్కటి చాలండీ. సభ్యులదే కావాలి. కాని తీసేస్తే ఆ గొంతు మళ్ళీ రావచ్చు."

"రానీ." తాయారు గడప మీది నుంచి లేచి నిలబడింది. దీపాలు మళ్ళీ ఆరిపోయాయి. ఆ చీకటి వంటింట్లోంచే మాట్లాడింది. "ఆ దొంగ మా ఆయన గొంతు ఎత్తుకెళ్ళినవాడే. అయినా, తలుపు తియ్యవలసినది నేనేనని వాడికి తెలుసు. ఇల్లు నాదని వాడైనా అనుకున్నాడు."

అలివేలు మళ్ళీ తెర దగ్గరికి వెళ్ళింది.

"తాయారును మూల కూర్చోబెట్టింది నేనురా చలపతీ," అంది తమ్ముడితో, వెనక్కి చూడకుండా. "లేపవలసింది కూడా నేనే." ఈసారి పెట్టెను తీసెయ్యమని అరచెయ్యి ఆనించింది.

ఇందీవర మరలు విప్పింది. పాత రౌటర్‌కే పొడుగాటి కొత్త పాస్‌వర్డ్ పెట్టించింది. దాన్ని తాయారు ఒక్కతే, ఎవరికీ కనబడకుండా టైపు చేసుకుంది. చలపతి అప్పటికే వీధిలో చెప్పులు వేసుకుంటున్నాడు.

తాయారు వీధి గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. బ్యాటరీ మీద ఇంకా ప్రాణంతో ఉన్న గృహపాల ఇందీవర చేతిలో గడప దాటింది. మెట్లు దిగుతుండగా దాని తెర మీద పచ్చటి అక్షరాలు వెలిగాయి. ఇందీవర చేత్తో కప్పబోయింది గాని, అప్పటికే తాయారు చదివేసింది.

"అపరిచిత వ్యక్తి ఇల్లు విడిచి వెళ్ళారు. ఇల్లు ఇప్పుడు సురక్షితం."

తాయారు లోపలికి వచ్చి తలుపు వేసుకుంది.