గిరాకీ ముంగట్నే

"మూడు రోజులైంది. ఇంకా విప్పనే లేదా?"

హరిప్రియ అరిచిన అరుపు ఉప్పుగూడ స్టేషన్ దాకా వినిపించి ఉండాలి. 2008 వానాకాలం. కొండల్ కంప్యూటర్ దుకాణం బల్ల మీద ఆమె లాప్‌టాప్ ఇచ్చినది ఇచ్చినట్టే ఉంది.

"మీరు లేకుండ ఎట్ల విప్పుత మేడం? మా బాపు గిరాకీ ముంగట్నే బర్రెను పిండుతడు, నీళ్లు కలిపిండని మాట రావద్దని. నేను గూడ గిరాకీ ముంగట్నే స్క్రూ విప్పుత."

"బర్రెకీ లాప్‌టాప్‌కీ పోలికా? అందులో మా అమ్మ పాటలున్నాయండీ. గొంతు ఆపరేషన్‌కి ముందు పాడినవి. ఇప్పుడు అమ్మకి మాట లేదు. పలక మీద రాస్తుంది."

కొండల్ ముఖంలో నవ్వు మాయమైంది. వెంటనే స్క్రూలు విప్పాడు.

"బోర్డు పోయింది. డిస్కు మంచిగుంటే పాటలు దొరుకుతయ్. దీన్ని గీ డబ్బాల పెట్టి నా కంప్యూటర్‌కు తగిలిస్త. నిన్ననే కోఠీల కొన్న."

తీరా చూస్తే డబ్బాలో రెండు వరుసల సన్నటి రంధ్రాలు. వాటిలో దూరడానికి డిస్కుకు పిన్నులే లేవు. వాటి చోట రెండు చదును పట్టీలున్నాయి.

కొండల్ డిస్కును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది కొత్త రకం, సాటా డిస్కు. నేను తెచ్చింది ఐడీఈ డబ్బా. పాత లాప్‌టాప్‌లల్ల అన్ని ఐడీఈనే. మీది గూడ గదే అనుకున్న."

"విప్పి చూసుంటే తెలిసేది కదా! నన్ను తిప్పించుకోడానికేనా ఇదంతా?"

అబద్ధం చెబితే గండం గడిచేదే. కానీ కొండల్‌కు అబద్ధం అతకదు.

"మీరు మళ్ల రావాలని నాకు లేదంటే అబద్ధమైతది. కానీ కావాలని తప్పు డబ్బా తీసుకురాలే. అమ్మ పాటలతోని ఆడుకుంటనా?"

బయట వాన ఊపందుకుంది. హరిప్రియ కోపం ఎక్కడ పెట్టిందో ఆమెకే గుర్తు రాలేదు. డిస్కును తన సంచిలోని ఖాళీ పాల కవరులో చుట్టి గుండెకు హత్తుకుంది.

"పదండి కోఠీకి. ఈసారి గిరాకీ ముందే కొనండి."

సాయంత్రానికి సరైన డబ్బా వచ్చింది. డిస్కు అందులో చక్కగా కూర్చుంది. అయినా కొండల్ వైరు తగిలించలేదు.

"పాటలు అమ్మవి. అమ్మను పిలువుండ్రి."

హరిప్రియ వెళ్లి తల్లిని తీసుకొచ్చింది, దారిలో గిరాకీ ముంగట్నే బర్రెను పిండే కథంతా చెబుతూ. శారదాంబ గొడుగు మూసి లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాక వైరు తగిలించాడు. డిస్కు గిర్రుమంది. ఒక క్షణం ఏమీ లేదు. హరిప్రియ తనకు తెలియకుండానే కొండల్ చొక్కా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు పాట మొదలైంది.

తన గొంతు తాను వింటూ శారదాంబ పెదవులు కదిపింది. హరిప్రియ వెక్కి వెక్కి ఏడ్చింది. కొండల్ కూడా కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు.

పాట అయ్యాక శారదాంబ ఇద్దరినీ చూసింది. కూతురు ఇంకా వదలని చొక్కానూ చూసింది. పలక తీసి రాసింది. అది చదివి హరిప్రియ ముఖం ఎర్రబడింది.

"ఏం రాసిన్రు?"

"రేపట్నుంచి పాలు మీ ఇంటివేనట."

"గంతేనా?"

శారదాంబ పలక లాక్కుని కొండల్ వైపు తిప్పింది.

'పాలు నువ్వే తేవాలి బాబూ. మా అమ్మాయి ముంగట్నే పొయ్యాలి.'