ఎడమ కాలి పరుగు

"మీ కాలికేమైనా రైలు టైమైందా?"

బాకా బాబు ట్రంపెట్ దించి అడిగాడు. ఇది అతని మొదటి జాజ్ ఆల్బమ్. ఎనిమిది పాటలు హాయిగా అయిపోయాయి. తొమ్మిదోది మాత్రం పొద్దున్నుంచి ఒకేచోట తాళం తప్పుతోంది. నాలుగింటికి స్టూడియో వేరేవాళ్లది.

"నా కాలు బాగానే ఉంది. మీ చెవులే చూపించుకోండి," అంది ఆర్గన్ అమ్మాయి.

వాళ్ల బృందంలో బేస్ గిటార్ లేదు. రెండు చేతులూ ఆర్గన్ మీటల మీద ఆడుతుంటే, కింద వరసగా ఉన్న చెక్క పెడల్స్ మీద ఆమె ఎడమ కాలే ఆ బేస్ మంద్రస్వరాలు వాయిస్తుంది, గళ్ల సాక్స్ తొడుక్కుని మరీ. ఆ కాలంటే ఆమెకి మహా గర్వం.

"పోనీ, ఈ ఒక్క పాటకి బేస్ గిటారతన్ని పిలుద్దామా?" అన్నాడు బాకా బాబు.

గది చల్లబడిపోయింది. వంటావిడతో కూర బయటనుంచి తెప్పిద్దామా అన్నట్టుంది మరి! డ్రమ్ముల బాబాయ్ పుల్లలు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"పిలవండి. అతనికి ఆర్గన్ కూడా వచ్చేమో కనుక్కోండి."

ఆమె లేచి చెప్పులు వేసుకుంది. బాకా బాబు గబగబా రెండడుగులు ముందుకేశాడు. ఆల్బమ్ ఆగిపోతుందన్న బెంగ రెండోది. మొదటిదేమిటో అతనికి అప్పుడే తెలిసింది.

"ఆగవే చెల్లాయ్!"

అద్దాల గదిలోంచి, మైకులో, సౌండ్ ఇంజనీర్. ఆమె సొంత అన్నయ్య.

"పెడల్స్ శబ్దం ఒక్కటే పెట్టి విన్నాను. ఏడు టేకుల్లోనూ ఈయనగారు సైగ చెయ్యడానికి నీ వైపు తిరగ్గానే నీ కాలు లగెత్తుతోంది. ఈయన తిరగడం మర్చిపోయి, తనే పాట తప్పిన ఎనిమిదో టేకులో మాత్రం నీ కాలు గడియారంలా నడిచింది."

"అన్నయ్యా, నోర్ముయ్!" ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"మొదటి టేకులోనే కనిపెట్టానమ్మా," బాబాయ్ కళ్లు తెరవకుండానే అన్నాడు. "చాటింపు వెయ్యడమెందుకని ఊరుకున్నా."

బాకా బాబు ట్రంపెట్‌ని తువ్వాలుతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"నిజమేనా?"

"కనుబొమ్మలెగరేసి అలా చూస్తే కాలేం చేస్తుంది పాపం? చేతులంటే నా మాట వింటాయి గానీ."

"అయితే తప్పు నాదే. గోడవైపు తిరిగి ఊదమంటారా?"

"ఊదండి. ఆల్బమ్ కూడా ఆ గోడతోనే చేసుకోండి."

"పోనీ... జన్మంతా మీ వైపే తిరిగి ఊదితే?"

ఆమె వంగి, చాలా నెమ్మదిగా చెప్పులు విప్పింది. తల ఎత్తకుండానే నవ్వింది.

"పక్కింటివాళ్లు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు."

అతను ట్రంపెట్ ఎత్తాడు. ఆమె బెంచీ మీద సర్దుకుని పెడల్స్ మీద కాలు ఆనించింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు, పాట మాత్రం మొదలవడం లేదు.

మైకు గరగరలాడింది.

"బావగారూ, చూసింది చాలు. ఇక ఊదండి."