టోంకాకు వచ్చే మెత్తటి బంతులు

“నేనేమైనా జబ్బుమనిషినా?” అని టోంకా అరిచింది.

చీలమండల లోతు నీళ్లలో ఆడుతున్నవాళ్లందరూ తిరిగి చూశారు. ఫ్రానె మాత్రం సముద్రం వైపు చూశాడు.

సముద్రపొడ్డున ఉన్న స్ప్లిట్ ఊళ్లో పిట్సిగిన్ అనే బంతాట ఆడేవాళ్లకు గెలుపూ ఓటమీ లేవు. ఐదుగురు గుండ్రంగా నిలబడి, చిన్న బంతిని అరచేతితో కొడుతూ, నీళ్లలో పడకుండా కాపాడాలి. అందని బంతి కోసం గాల్లోకి దూకాలి. బెపో నడిపే జట్టులో ఐదోవాడు మొన్ననే ఓడ ఉద్యోగానికి వెళ్లిపోయాడు. వెళ్లినవాడి చోటు ఖాళీగా కనిపిస్తుంటే బెపోకు తిండి సయించడం లేదు. ఆ చోటు పదహారేళ్ల టోంకాకు కావాలి. ఇవాళ ఆడించి చూసి తేల్చేస్తానన్నాడాయన.

ఆమె పక్కన నిలబడ్డ ఫ్రానె ముందునుంచీ ఆ జట్టులోవాడే, అతనిదీ ఆమె ఈడే. ప్రతి బంతినీ పువ్వు అందించినట్టు ఆమె చేతికే పంపుతున్నాడు.

“బాగానే కొడుతున్నావు గానీ, దూకడం ఏదమ్మా?” అన్నాడు బెపో.

“ఎలా దూకను బాబాయ్? వీడు పసిపిల్లకు ఉగ్గు పెట్టినట్టు వేస్తుంటే!”

ఫ్రానె మోచెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్లింది.

“నామీద ఏం కక్ష నీకు?”

“కక్షా? అడుగున ఇసుక గరుకు. మోకాళ్లు చీరుకుపోతాయి.”

“నా మోకాళ్లు! నీకెందుకు?”

ఫ్రానె చెవులు ఎర్రబడ్డాయి. “చూడలేను.”

“అయితే కళ్లు మూసుకో. ఈ చోటు పోయిందో, జన్మలో నీతో మాట్లాడను.”

అతని ముఖం పాలిపోయింది. జన్మ అన్న మాటను ఈ వయసువాళ్లు ఎంత తేలిగ్గా అనేస్తారో!

ఆట మళ్లీ మొదలైంది. ఫ్రానె పళ్లు బిగించి కొట్టాడు. బంతి టోంకా తల దాటి పోతుంటే, ఆమె ఒళ్లంతా సాచి దూకింది. వేళ్ల చివర తగిలి అది పైకి లేచింది. ఆమె బోర్లా పడింది. మోకాలి మీద నెత్తురు, నోటినిండా ఇసుక.

బెపో బంతిని పట్టేసుకున్నాడు. “చోటు నీదే తల్లీ!”

ఫ్రానె పరుగున వచ్చాడు. “చూడు, నెత్తురు! నేను చెప్తూనే ఉన్నా. నువ్వంటే ఇష్టం కాబట్టేగా మెల్లగా...” అంటూ ఆగిపోయాడు. అందరూ వింటున్నారు.

టోంకా ఇసుక ఉమ్మేసింది. “ఇష్టమైతే నోటితో చెప్పి ఏడవచ్చుగా! బాబాయ్, బంతి ఇటివ్వు.”

దూరంగా, బలంకొద్దీ కొట్టింది. ఫ్రానె దాని వెంట దూకాడు.

“నువ్వన్నా నాకిష్టమేరా, మొద్దూ!”

గాల్లో ఉన్న ఫ్రానె చెయ్యి చాచడం మరిచిపోయి ఆమె వైపు తిరిగి నవ్వాడు. బంతి టపుక్కున నీళ్లలో పడింది. వెనకే అతనూ పడ్డాడు.

బెపో తల పట్టుకున్నాడు. “దేవుడా! ఇప్పుడు వీడి చోటుకు ఎవణ్ణి వెతుక్కోవాలి?”