నాలుగు వందల పన్నెండు పాయింట్ ఆరు

1987 మార్చి 14, శనివారం. సాయంత్రం 5.20.

నరసరావుపేటలో మిర్చి మిల్లు పక్కనున్న రిపేరు షాపు. బల్ల మీద డిజిటల్ మీటరు లోపలంతా మాడిపోయి ఉంది.

దాన్ని డిజైన్ చేసిన ఉస్మాన్ గోడకు చేరగిలబడ్డాడు. రెండేళ్ల కష్టం. సోమవారం కరెంటాఫీసు ఇంజనీర్లు చూడ్డానికి రావాల్సింది.

ఎస్.ఐ. యల్లమంద వంగి చూశాడు. "దీని గొప్పేంది?"

"మోటార్లు తిరిగితే ఏసీ కరెంటు అల వంకర పోద్ది సార్. ముల్లు మీటర్లు తప్పు చెప్తయ్. నాది అల ఎట్టున్నా వోల్టేజీ ఖచ్చితంగా కొలుస్తది."

అద్దంలో అంకెలకు నాలుగు గళ్లు. మూడింటిలో అంకె కట్టే గీతలు ఏడేసి. ముందు గడిలో రెండే నిలువు గీతలు. యల్లమంద లెక్కపెట్టాడు.

"ఇది మాడినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"నాలుగున్నరకు నమాజుకు పోయా. అయిదింటికొస్తే ఇట్టుంది. అప్పుడు షాపులో ఉస్తాద్ సుభానీ ఉన్నాడు. మధ్యలో నా భార్య షాహిదా టీ తెచ్చింది."

మొదట షాహిదా.

"దీన్ని పగలగొడతానని నిన్న వీధంతా వినేలా అరిచావంట?"

"అరిచా సార్. రెండేళ్లుగా దాని మొహం తప్ప నా మొహం చూడలా. నాకది సవతే. కానీ ఇయ్యాల ఫ్లాస్కు పెట్టి పోయా. తాకలా."

తర్వాత సుభానీ. ముప్పై ఏళ్లుగా ముల్లు మీటర్లు బాగుచేస్తున్న మనిషి. ఉస్మాన్‌కు పని నేర్పిందీ ఆయనే.

"4.40కి లైన్లో వోల్టేజీ ఎగదన్నింది సార్. మీటర్లో నాలుగొందల పన్నెండు పాయింట్ ఆరు పడింది. ఎంటనే పొగ."

"పాయింట్ ఆరు? సరిగ్గా చూశావా?"

"నా కళ్లతో చూశా."

యల్లమంద కానిస్టేబుల్‌ను మిల్లుకు పంపాడు. 6.05కి ముగ్గురినీ బల్ల దగ్గర నిలబెట్టాడు.

"ఉస్మాన్, నాలుగొందల పన్నెండు పాయింట్ ఆరని ఈ ముందు గడిలో నాలుగు పడుద్దా?"

"పడదు సార్. అక్కడ ఒకటి తప్ప ఏ అంకే రాదు. రెండొందలు దాటితే పాయింటూ ఉండదు. వట్టి నాలుగొందల పన్నెండే పడాల."

ఎస్.ఐ. సుభానీ వైపు తిరిగాడు.

"షాహిదా దీన్ని చూసి తిట్టింది," అన్నాడు యల్లమంద. "నువ్వు రెండేళ్లు పక్కనే కూర్చుని ఒక్కసారీ చూడలా. మిల్లు మోటారు స్టార్టరు నుంచి 440 వోల్టులు లాగి దీని ప్లగ్గుకు తగిలించావు. నీ వైరు మిల్లు కిటికీలో ఇంకా ఏలాడతంది, కానిస్టేబుల్ చూసొచ్చాడు."

"ఊళ్లో మీటరంటే సుభానీ అనేవాళ్లు," అన్నాడు సుభానీ. "ఇప్పుడు నన్ను దాటుకుని వాడి కాడికి పోతన్నారు. నేను నేర్పిన చేతులే నన్ను మూల కూర్చోబెట్టినయ్."

యల్లమంద టోపీ సర్దుకున్నాడు. తన కింద పనిచేసినవాడు సి.ఐ. అయిన రోజు, అభినందించడానికి తనూ వెళ్లలేదు.

"పద," అన్నాడు.

జీపు ఎక్కబోతూ సుభానీ వెనక్కి తిరిగాడు. "ఒరేయ్ ఉస్మాన్... ముందు గడిలో ఒకటే ఎందుకొస్తదిరా?"

ఉస్తాద్ ఇలా ఒక్క మాట అడుగుతాడేమోనని రెండేళ్లు కాచుకున్నాడు ఉస్మాన్. ఇప్పుడు జీపు వైపు అడుగేశాడు.

అంతలో జీపు కదిలింది. షాహిదా డ్రాయింగుల కట్ట విప్పి మొగుడి ముందు పరిచింది.

"ఇంకో రోజుంది. మొదలుపెట్టు," అంది. "తీగలు నేనందిస్తా."