తోక చివరి ముడి

పిల్లుల ప్రదర్శనలో రోవెనా ఏకర్స్ తన పిల్లి బోను దగ్గరకు వచ్చేసరికి దాని మీద బహుమతి కార్డు లేదు. అటూ ఇటూ ఉన్న బోనుల మీద కార్డులున్నాయి. మేబెల్ మాత్రం కార్డు లేని బోనులో తెల్ల దుప్పటి మీద కూర్చుని పాదం నాక్కుంటోంది.

తీర్పు జరుగుతున్నంతసేపూ యజమానులు టౌన్‌హాలు బయట నిలబడాలి. ఎవరి పిల్లి ఎవరిదో జడ్జికి తెలియకూడదని బోనులో దుప్పటి, గిన్నె అన్నీ తెల్లవే పెట్టాలి. బయట బ్లాక్‌బర్న్ ఊరి వాన. లోపల ఏం జరిగిందో చెప్పగలిగింది జడ్జి వెంట తిరిగిన సహాయకుడు ఒక్కడే. రోవెనా అతన్ని తలుపు దగ్గర పట్టుకుంది.

"మా పిల్లికి ఏం తక్కువైందండీ?"

"తక్కువ కాదండీ, ఎక్కువైంది. జడ్జి గారు వీపు మీద చెయ్యేస్తే పొగ లేచింది. పిల్లిని తెచ్చారా, పిండిబస్తా తెచ్చారా?"

"నేను పనిచేసేది బేకరీలోనే."

"అయితే అలవాటన్నమాట."

పొడుగు బొచ్చు పిల్లికి పౌడరు చల్లి దువ్వితే వెంట్రుక వెంట్రుకా విడిపోతుంది. కానీ ప్రదర్శన నాటికి ఆ పౌడరంతా దులిపెయ్యాలి. కాస్త మిగిలినా బహుమతి ఇవ్వరు. రోవెనాకు ఆ సంగతి తెలుసు. దులిపాననే అనుకుంది.

"నిన్నంతా దువ్వుతూనే ఉన్నాను," అంది.

"వీపు దువ్వారు. చంకల్లో, పొట్ట కింద ఎవరు దువ్వుతారు? మా అమ్మయితే దువ్వెన లాక్కునేది."

అతని పేరు ఆల్విన్ హెస్కెత్. క్లిథరోలో వడ్రంగి. తల్లి పోయాక ఆవిడ పెంచిన పర్షియన్ పిల్లులు అతని చేతికి వచ్చాయి. వాటి బూడిద రంగును పెంపకందార్లు నీలం అంటారు. వాటిలో బారిస్టర్ అనే గండుపిల్లి కోసం జిల్లా నలుమూలల నుంచీ ఆడపిల్లుల్ని బుట్టల్లో పెట్టుకుని వచ్చేవాళ్లు.

మరుసటి శనివారం అతను బేకరీకి వచ్చాడు. రొట్టె కొన్నాడు. కౌంటరు మీద ఒక దువ్వెన పెట్టాడు.

"ఇది చంకలకి," అన్నాడు.

ఆ తర్వాత అతనింట్లో రొట్టెల ఖర్చు బాగా పెరిగింది. రోవెనా కూడా అమ్మే పని లేనప్పుడు కిటికీ వైపు చూడడం నేర్చుకుంది. కౌంటరు వెనక నుంచి బయటపడి, జనం తన పేరుతో చెప్పుకునే పిల్లుల వంశం ఒకటి నిలబెట్టాలని ఆమె కోరిక. అందుకు ఆమె దగ్గరున్నది మేబెల్ ఒక్కటే. వేసవిలో దాన్ని రైల్లో క్లిథరో తీసుకెళ్లింది. బారిస్టర్‌తో జత కట్టించినందుకు రుసుము ఇవ్వబోతే ఆల్విన్ వద్దన్నాడు. ఆనవాయితీ ప్రకారం, కూనలు పుట్టాక ఒకదాన్ని తానే ఎంచుకుంటానన్నాడు.

మేబెల్ నాలుగు కూనల్ని పెట్టింది. పోతుకూన ఒకటి జడ్జిల కోసమే పుట్టినట్టుంది. కూనలు పాలు మానుతున్న రోజుల్లో రోవెనా ఒక్కోదాన్ని ఒళ్లో పెట్టుకుని తోక తడిమింది. ఆ పోతుకూన తోక చివర వేలికి ముడి తగిలింది. కంటికి కనబడదు, బొచ్చులో దాక్కుంటుంది. కానీ జడ్జిల లెక్కలో అది పెద్ద లోపం. ఇంకొకదాని తోకలోనూ తగిలింది.

వీధి చివర ఎంట్‌విసిల్ గారింటికి రెండింటినీ తీసుకెళ్లింది. ఆవిడ ఒకప్పుడు జడ్జి. ఆవిడ వేళ్లు తోక చివర ఆగాయి.

"ఒక్కదానికైతే పుట్టుకలో నొక్కుకుందనుకోవచ్చు. రెండింటికి ఉందంటే రక్తంలో ఉన్నట్టే. తల్లి వైపూ ఉండాలి, తండ్రి వైపూ ఉండాలి. అప్పుడే బయటపడుతుంది."

"అయితే ఏం చేయాలండీ?"

"చెబితే బారిస్టర్ పని అయిపోయినట్టే, నీ మేబెల్ పనీ అయిపోయినట్టే. చెప్పకుండా పెంపుడుకూనలుగా ఇచ్చేశావనుకో, ఎవరూ తడిమి చూడరు. చాలామంది చేసే పని అదే తల్లీ."

"మీరైతే?"

"నన్నడక్కు. పెంచేది నువ్వు."

ఆల్విన్ కూనను ఎంచుకోవడానికి వచ్చాడు. కొత్త టై కట్టుకున్నాడు. పోతుకూనను ఎత్తుకుని చెవులు చూశాడు, దవడ చూశాడు. తోక దగ్గరకొచ్చేసరికి చెయ్యి కూన మీదే ఉంది, చూపు రోవెనా మీదికి వెళ్లింది.

"ఇదే," అన్నాడు. "ఇది కాక మీతో ఇంకో మాట చెప్పాలని వచ్చాను."

ఆ మాట ఏమిటో రోవెనాకు తెలుసు. ముందది విని, తర్వాత ఎప్పుడైనా చెప్పొచ్చు. అసలు చెప్పకపోనూ వచ్చు.

"ముందు తోక చూడండి," అంది.

అతని వేళ్లు కిందికి జారి ఆగాయి. మళ్లీ తడిమి చూశాడు.

"ఇది మీ మేబెల్ నుంచి వచ్చింది."

"సగం. మిగతా సగం బారిస్టర్‌ది. రెండోదాని తోకలోనూ ఉంది."

"ఎవరన్నారు సగమని?"

"ఎంట్‌విసిల్ గారు."

"ఆవిడకి మా అమ్మంటే ఏనాడూ పడలేదు."

"తోకకి ఆ సంగతి తెలీదండీ."

ఆల్విన్ కూనను కింద పెట్టాడు. "బారిస్టర్ సంతానం ఎన్ని ఇళ్లలో ఉందో మీకు తెలుసా? ఇది బయటికొస్తే మా అమ్మ పేరు ఏమవుతుంది? మీకేం, పోతే ఒక్క పిల్లి."

"అవునండీ. నాకున్నది ఒక్క పిల్లే."

అతను వెళ్లిపోయాడు. చెప్పాలని వచ్చిన మాట చెప్పలేదు.

రోవెనా మేబెల్‌కు పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించింది. ముడి సంగతి చెప్పి, జత కట్టించబోమని మాటిచ్చిన వాళ్లకే కూనల్ని ఇచ్చింది. పోతుకూనను ఇచ్చిన రోజు మాత్రం బేకరీలో చిల్లర తప్పు లెక్కపెట్టి తిట్లు తింది. శనివారాలు వచ్చాయి, పోయాయి. ఆల్విన్ రాలేదు.

నవంబరులో ఒక ఉదయం వాన పడుతుంటే జనం దుకాణం లోపలే వరస కట్టారు. తలెత్తకుండా "ఏం కావాలండీ?" అంది రోవెనా.

"ఆక్రింగ్టన్‌లో ఒకటి దొరికింది."

ఆల్విన్ టోపీ అంచు నుంచి నీళ్లు కౌంటరు మీద పడుతున్నాయి.

"ఆక్రింగ్టన్‌లో దొరికితే అక్కడే కొనుక్కోక ఇక్కడికెందుకొచ్చావు నాయనా," అంది వెనకనున్న పెద్దావిడ. "వరస కదలనీ."

అతను కదల్లేదు. "బారిస్టర్ కూతురికి పుట్టిన కూన. తోకలో అదే ముడి. మీరన్నది తప్పని రుజువు చేద్దామనే ఇల్లిల్లూ తిరిగానండీ. నిన్న బారిస్టర్‌ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. దానికిక సంతానం ఉండదు."

రోవెనా రొట్టె చుట్టడం ఆపింది.

"ఇంకా చాలామందికి చెప్పాలి. నేను తండ్రి వైపువాణ్ణి. తల్లి వైపు మనిషి కూడా పక్కనుంటే నమ్ముతారు. ఆదివారాలు ఖాళీయేనా?"

"ఖాళీయేనని చెప్పమ్మా," అంది పెద్దావిడ. "నాకు బన్నులు కావాలి."

చలికాలమంతా ఆదివారాలు తిరిగారు. కొందరు టీ ఇచ్చారు, కొందరు తలుపు తీయలేదు. కోల్న్‌లో ఒకాయన, మీ అమ్మ బతికుంటే ఇలా పరువు తీసుకునేది కాదన్నాడు. తిరుగు రైల్లో ఆల్విన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అద్దం మీద వాన జారుతోంది.

"ఆ రోజు నువ్వు ఊరుకుని ఉండొచ్చుగా," అన్నాడు. ‘మీరు’ అనడం మరిచిపోయాడు.

"ఉండొచ్చు. అప్పుడు నువ్వు ఏ కూనని ఎత్తుకున్నా నాకు గుండె ఆగిపోయేది. అలా ఎన్నేళ్లు?"

"ఎన్నేళ్లనుకున్నావు?"

ఆమె అద్దం వైపు తిరిగింది. చెయ్యి మాత్రం అతని చేతిలో పెట్టింది.

వసంతంలో ఎంట్‌విసిల్ గారు ఇద్దరినీ ఇంటికి పిలిచారు. బల్ల మీద బుట్టలో నీలి ఆడకూన ఉంది. ఆవిడ పెంచే పిల్లుల్లో ఆడకూన ఇల్లు దాటినట్టు ఎవరూ విని ఉండరు.

"మీ అమ్మ కూడా అడిగింది," అన్నారు ఆల్విన్‌తో. "ఇవ్వలేదు. మా మధ్య మాటల్లేకుండా పోయింది అప్పటినుంచే."

"మా అమ్మకి ముడి సంగతి తెలిసి దాచిందంటారా?"

"నాకు తెలీదు నాయనా. అనుమానం ఉండేది. అడగలేదు. అడగాల్సింది." ఆవిడ కూన మెడ నిమిరారు. "ఇది మీ చేతుల్లో పెరగాలని ఇస్తున్నాను. యజమాని ఎవరని పిల్లుల క్లబ్బులో చెప్పను?"

"రోవెనా," అన్నాడు ఆల్విన్ వెంటనే. "పోగొట్టుకుంది తనే."

"ఇద్దరి పేర్లూ చెప్పండి," అంది రోవెనా.

"ఇద్దరి పేర్లంటే ఒకే ఇంట్లో ఉండేవాళ్లకే కుదురుతుందే అమ్మాయ్. రెండిళ్ల మధ్య పిల్లి తిరగదు."

"తెలుసండీ."

ఎంట్‌విసిల్ గారు టీ పాత్ర పట్టుకుని వంటగదిలోకి వెళ్లారు. అందులో టీ నిండా ఉంది.

"నన్ను అడగలేదే," అన్నాడు ఆల్విన్.

"ఇప్పుడు అడుగుతున్నాను," అంది రోవెనా.